చేపల రేవులో చేతిపని: రంగు డబ్బా తెరిచేలోపు చేయాల్సిన పనులు

ఐక్యరాజ్యసమితి 2021ని సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ (కళ, చేతిపని, డిజైను లాంటి వాటితో నడిచే జీవనోపాధి) అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. దానికి ముందూ తర్వాతా ఈ పేరుతో మత్స్యకార గ్రామాలకు వచ్చే పథకాలు చాలావరకు ఒకే దారి పడతాయి. గోడలకు రంగులు వేస్తారు. ఊరి మొదట్లో ఒక స్వాగత ద్వారం లేస్తుంది. మూడు రోజుల శిక్షణలో గవ్వలతో బొమ్మలు చేయిస్తారు. రెండో ఏడు తిరిగేసరికి ఉప్పుగాలికి రంగు పెచ్చులూడుతుంది, బొమ్మలు అటకెక్కుతాయి. చివర చేయాల్సిన పని మొదట చేస్తే ఇంతే.

ఏ చేపల రేవులోనైనా మూడు ఆస్తులు ముందే ఉంటాయి: వేట లేని గంటలు, ముడి వేయడం వచ్చిన చేతులు, వాడి పక్కన పడేసిన సామాను. గంటలు లెక్కపెట్టుకుని, ఆ చేతులకు ఒదిగే ఒక్క వస్తువు పట్టుకుని, దాన్ని తేడా లేకుండా వంద సార్లు చేయగలిగాక మిగతావాటి జోలికి వెళ్ళాలి. కింద చెప్పినదంతా ఆ వరసలోనే ఉంటుంది.

మొదటి అడుగు: గంటల లెక్క

కనీసం పది ఇళ్ళు ఎంచుకోండి. పడవ ఉన్న ఇల్లు, కూలికి వేటకు వెళ్ళే ఇల్లు, చేప అమ్మే ఆడవాళ్ళ ఇల్లు, అన్నీ అందులో ఉండాలి. ఒక్కో మనిషికి ఒక కాగితం, రోజుకు పన్నెండు గళ్ళు, గడికి రెండు గంటలు. 14 రోజులు రాయించండి. వారం సరిపోదు. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటడానికి పోటు కోసం ఆగే పడవలు ఈ వారం తెల్లవారుజామున ఒడ్డుకు వస్తే, వచ్చే వారం పట్టపగలు రావచ్చు. అమావాస్య నుంచి పౌర్ణమి దాకా రాస్తే ఈ తిరుగుడంతా కాగితం మీదికి వస్తుంది.

దీనికి పక్కనే ఏడాది పట్టీ ఒకటి గీయండి: వేట నిషేధ కాలం, తుఫాను నెలలు, వలలు బాగుచేసుకునే రోజులు, చేప దండిగా పడే నెలలు. దండిగా పడే నెలల్లో శిక్షణలు పెట్టకండి. ఎవరూ రారు, వచ్చినా మనసంతా రేవు దగ్గరే ఉంటుంది.

ఆడవాళ్ళ కాగితాల్లో సాధారణంగా ఖాళీ పూటలు కనిపించవు. చేప అమ్ముకొచ్చాక గంటన్నర, వంట అయ్యాక ఇంకో గంట, ఇలా ముక్కలుగా దొరుకుతుంది. అందుకని మధ్యలో వదిలేసి మళ్ళీ చేతిలోకి తీసుకున్నా చెడని పనే ఈ ఊళ్ళకు పనికొస్తుంది. అల్లిక, కుట్టు, ముడి పని అలాంటివి. చక్రం మీద కుండ అలాంటిది కాదు, తడి ఆరితే మట్టి మాట వినదు.

రెండో అడుగు: ఊళ్ళో ఉన్న విద్య పట్టిక

"మీకేం కళలు వచ్చు?" అని అడిగితే "మాకేం రావు" అనే జవాబు వస్తుంది. "చిరిగిన వల ఎవరు తొందరగా కడతారు? తెగిన మోకును ముడి కనపడకుండా ఎవరు కలుపుతారు? పడవ మీద పేర్లు రాసేదెవరు? పడవ పక్క పలక వంచడం ఎవరికి తెలుసు?" అని అడగండి. అరగంటలో ఇరవై పేర్లు వస్తాయి.

కెనడాలోని ఫోగో దీవి సంగతి ఇక్కడ పనికొస్తుంది. 1992లో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపల వేటను ప్రభుత్వం ఆపేసింది. ఆ దీవిలో పుట్టిన జీటా కాబ్ తర్వాత షోర్‌ఫాస్ట్ అనే సంస్థ పెట్టారు. 2013లో తెరిచిన అక్కడి సత్రానికి కుర్చీలు, మంచాలు, బొంతలు ఆ దీవివాళ్ళే చేశారు. గీత గీసింది బయటి డిజైనర్లు. చెక్క వంచింది పడవలు కట్టిన చేతులు. బయటివాళ్ళను పిలిస్తే ఆకారం కోసం, కొలత కోసం పిలవాలి. ఊళ్ళో లేని విద్యను మూడు రోజుల్లో నేర్పడానికి పిలిస్తే ఖర్చు దండగ.

ఒక హెచ్చరిక. పగడపు ముక్కలు, ఎండబెట్టిన సముద్రపు గుర్రాలు, తాబేటి చిప్ప అమ్మకానికి పెట్టకండి. సముద్రపు గుర్రాల అంతర్జాతీయ వాణిజ్యం మీద 2004 నుంచి సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) కింద నియంత్రణ ఉంది. సముద్ర తాబేళ్ళయితే ఆ ఒప్పందంలోని అత్యంత కఠినమైన జాబితాలో ఉన్నాయి. మీ దగ్గర కొన్నవాళ్ళ సామాను విమానాశ్రయంలో పట్టుబడితే మీ ఊరి పేరు పోతుంది.

మూడో అడుగు: పాత వలను సరుకుగా మార్చడం

చాలా ఊళ్ళకు మొదటి వస్తువుగా మా ఓటు పాత వల సంచికే. ముడిసరుకు రేవులోనే ఉంది, ముడులు చదవడం చేతికి తెలుసు, కుట్టు మిషను ఒక్కటుంటే పని మొదలవుతుంది. కానీ ఒడ్డున పడున్న వలంతా ఒకటి కాదు.

వేరు చేయడానికి మంట పెట్టి వాసన చూసే పద్ధతి చాలామందికి తెలుసు. దాన్ని మానేయండి. నైలాన్ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు కూడా ఉంటుంది. రెండు బక్కెట్లు చాలు. ఒకదాంట్లో మంచినీళ్ళు, రెండోదాంట్లో లీటరుకు 350 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళు. వేలెడు ముక్క కోసి, సబ్బు చుక్క రాసి, గాలి బుడగలు పోయేలా నలిపి మంచినీళ్ళలో వేయండి. తేలితే పాలిథిలీన్ లేదా పాలీప్రొపిలీన్. మునిగితే దాన్ని తీసి ఉప్పునీళ్ళలో వేయండి. అక్కడ తేలితే నైలాన్, అక్కడా మునిగితే పాలియెస్టర్. కిటుకు సాంద్రతలో ఉంది: నైలాన్ 1.14, ఆ ఉప్పునీళ్ళు సుమారు 1.2, పాలియెస్టర్ 1.38. ఉప్పు తగ్గితే నైలాన్ కూడా మునిగి లెక్క తప్పుతుంది, కాబట్టి అడుగున కాస్త ఉప్పు కరగకుండా మిగిలేదాకా కలపండి.

మూడు రకాలను గుమ్మంలోనే ఆపేయాలి. తారు పూసిన వలలూ తాళ్ళూ మొదటివి. తారు చర్మానికి చెరుపు, కేన్సర్ కారకం. చేపల పెంపకపు పంజరాల వలలు రెండోవి. నాచు పట్టకుండా వాటికి రాగి కలిసిన పూత వేస్తుంటారు. ఎండకు పెళుసెక్కినవి మూడోవి. దారాన్ని మడిచి గోటితో గట్టిగా నొక్కి, పదిసార్లు అటూ ఇటూ వంచండి. తెల్లటి పొడి రాలినా పుటుక్కుమన్నా ఆ వల సంచికి పనికిరాదు.

ఇక వాసన. కొన్నవాళ్ళు సంచిని తిప్పి పంపడానికి మొదటి కారణం ఇదే. వాసన దారంలో ఉండదు, ముడి లోపల ఇరుక్కున్న నాచు, పొలుసు, జిగురులో ఉంటుంది. పైపైన కడిగితే ఎండలో పోయినట్టే పోయి, వానాకాలంలో తిరిగొస్తుంది. బెండ్లు, సీసం గుళ్ళు విప్పేసి, వలను 24 గంటలు మంచినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు నీళ్ళు మార్చండి. తర్వాత చేయి పెట్టగలిగే వేడి నీళ్ళలో లీటరుకు 10 గ్రాముల చొప్పున వాషింగ్ సోడా వేసి రెండు గంటలు ఉంచి, గట్టి బ్రష్షుతో ముడుల మీద రుద్దండి. బ్లీచింగ్ వాడకండి, క్లోరిన్ నైలాన్‌ను తినేస్తుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. ఆరాక గుప్పెడు వలను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే మూత తీసి ముక్కు పెట్టి చూడండి. చేపలతో మెలిగే ముక్కు దీనికి పనికిరాదు, వేరే పనిచేసే మనిషిని పిలవండి. కడిగిన నీళ్ళను దళసరి గుడ్డలో వడకట్టి పారబోయండి, లేకపోతే ప్లాస్టిక్ పీచు నేరుగా సముద్రంలోకే పోతుంది.

తెచ్చినప్పుడు ఎన్ని కిలోలు, కడిగి ఏరాక ఎన్ని కిలోలు మిగిలింది అనేది ప్రతిసారీ రాయండి. ధర కట్టేటప్పుడు ఈ నిష్పత్తి లేకపోతే చీకట్లో బాణం వేసినట్టే.

మిగిలిన నైలాన్‌ను తూకానికి అమ్మే దారి కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లోని డానహోన్ బ్యాంక్ అనే పగడపు దిబ్బల తీరంలో 2012లో మొదలైన నెట్‌వర్క్స్ ప్రాజెక్టులో గ్రామస్థుల దగ్గర పాత నైలాన్ వలలు కొని, కార్పెట్ల నూలు కోసం పంపారు. ఇంటర్‌ఫేస్ అనే కార్పెట్ల కంపెనీ, లండన్ జూలాజికల్ సొసైటీ కలిసి నడిపిన పని అది. అయితే తూకం బేరంలో సరుకు ఒకే రకంగా, శుభ్రంగా, పెద్ద మొత్తంలో ఉండాలి, ధర చెత్త ధరకు దగ్గరగానే ఉంటుంది. సంచికి పనికిరాని మిగులుకు ఆ దారి చూడండి, మొత్తం సరుకును అటు తోయకండి.

నాలుగో అడుగు: ఒక సంచి, ఒకే కొలత

కన్ను సాగదీసి కొలిస్తే 25 మి.మీ. లోపు ఉన్న వల తీసుకోండి. పెద్ద కన్ను మిషను పాదానికి చిక్కుతుంది. సాగదీయకుండా బల్ల మీద పరిచి 42 సెం.మీ. వెడల్పు, 88 సెం.మీ. పొడవు ముక్క కోయండి. కత్తెర ముడి మీద పడకూడదు, రెండు ముడుల మధ్య దారం మీద పడాలి. ముడి తెగితే పక్క కన్ను, దాని పక్క కన్ను విప్పుకుంటూ పోతాయి. ఒంటిపోగు వలల్లో ఇది మరీ ఎక్కువ, దారం నున్నగా ఉండి ముడి జారుతుంది. అందుకే అంచుల్లో కనీసం ఒక నిండు కన్ను టేపు లోపలికి పోవాలి. టేపు 4 సెం.మీ. వెడల్పు నూలుగుడ్డ. కుట్టు సూది 100 నంబరు, దారం పాలియెస్టర్, కుట్టు 3 మి.మీ. వల మిషను కింద జారుతుంటే అడుగున పలచటి కాగితం పట్టీ పెట్టి, దానితో కలిపి కుట్టి, చివర్లో కాగితం చింపేయండి.

ముక్కను మధ్యకు మడిచి, పక్కలకు 2 సెం.మీ., పైన 4 సెం.మీ. వదిలి కుడితే 38 వెడల్పు, 40 ఎత్తు సంచి వస్తుంది. లోపలి నూలు లైనింగును 1 సెం.మీ. పొట్టిగా కుట్టాలి. అప్పుడు బరువు గుడ్డ మోస్తుంది, వల అందానికి ఉంటుంది. దీన్ని తిరగేసి కుట్టారంటే బరువంతా వల మీద పడి, కళ్ళు నిలువుగా సాగి, సంచి సొరకాయలా వేలాడుతుంది. పిడులకు 8 మి.మీ. తాడు, 65 సెం.మీ. చొప్పున రెండు. మెటల్ కన్నాలు, జిప్పులు పెట్టకండి. తీరంలో గోదాములో ఉండగానే తుప్పు మరక లైనింగుకు అంటుకుంటుంది.

ప్రతి ఇరవై సంచుల్లో ఒకదాన్ని తీసి 8 కిలోల ఇసుక పోసి 24 గంటలు కొక్కేనికి వేలాడదీయండి. ఎత్తు 2 సెం.మీ. కంటే ఎక్కువ సాగినా, పిడి దగ్గర ఒక్క కుట్టు లేచినా ఆ ఇరవైనీ మళ్ళీ చూడాలి. చేసినవాళ్ళ మొహం చూసి వదిలేస్తే తర్వాత కొన్నవాళ్ళు వదలరు.

ఐదో అడుగు: ధర

ధరను పక్క దుకాణం చూసి పెట్టే అలవాటు ఈ పనికి గొడ్డలి పెట్టు. ముందు పది సంచులు గడియారం పెట్టుకుని చేయండి. కడగడం, ఏరడం, కోయడం, కుట్టడం, ట్యాగు కట్టడం అన్నీ కలిపి సంచికి 2 గంటల 15 నిమిషాలు వచ్చిందనుకుందాం. అమ్మకం ధరను 100 భాగాలనుకోండి. దుకాణం వాటా 40, రవాణా, ప్యాకింగు 8, గుడ్డ, దారం, తాడు, సోడా 22, తిరస్కరించిన సంచుల నష్టం 5, సంఘం నిధి 5. మిగిలింది 20, అదే కూలి. గంటకు దాదాపు 9 భాగాలు.

ఆ 9 భాగాలను అదే మనిషి రేవులో చేప ఏరితే గంటకు వచ్చే కూలితో పోల్చండి. తక్కువైతే చేప దండిగా పడిన రోజున కుట్టు మిషను దగ్గర ఎవరూ ఉండరు, ఉండనక్కర్లేదు కూడా. అప్పుడు మూడు దారులున్నాయి: ధర పెంచడం, సమయం తగ్గించడం, నేరుగా అమ్మడం. వీటిలో సమయం తగ్గించడమే తేలిక. ఒకరు కోసి, ఒకరు కుట్టి, ఒకరు పిడులు కడితే తేడా కనిపిస్తుంది. నేరుగా అమ్మితే 40 మిగులుతుందని సంబరపడేముందు, అమ్మే మనిషి కూర్చున్న గంటలు కూడా అందులోంచే పోతాయని గుర్తుంచుకోండి. నేరుగా అమ్మినా ధర తగ్గించకండి, తగ్గిస్తే దుకాణం మీ సరుకు పెట్టుకోదు.

ట్యాగు మీద అబద్ధం వద్దు. వాడి పక్కన పెట్టిన వల వేరు, సముద్రంలో కొట్టుకుపోయి బయటికి తీసిన వల వేరు. మొదటిదాన్ని పట్టుకుని సముద్రాన్ని శుభ్రం చేశామని రాస్తే, తెలిసినవాడు ఒక్కడు అడిగితే నోట మాట రాదు. ఏ చేపకు వాడిన వల, ఎన్నేళ్ళు వాడారు, ఎవరి వాడలో కుట్టారు అని రాస్తే చాలు, అదే అమ్ముతుంది.

ఆరో అడుగు: సంఘం కట్టుబాట్లు

ఏడుగురి నుంచి పన్నెండుగురి దాకా ఉన్న గుంపుతో మొదలుపెట్టండి. సంతకం పెట్టే ఇద్దరు ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. పడవలకు అప్పులిచ్చే వ్యాపారి ఇంటి నుంచి కోశాధికారి ఉండకూడదు, ఎందుకంటే సంచుల డబ్బు చేప అప్పు కింద జమ అయిపోతుంది. ముక్కకు కూలి, ఇచ్చిన రోజునే చెల్లింపు. దుకాణం డబ్బు అరవై రోజులకు వస్తుంది కాబట్టి రెండు నెలల కూలి నిధిగా చేతిలో ఉండాలి. చాలా గుంపులు అమ్మకం లేక కాదు, ఈ అరవై రోజులు దాటలేక విడిపోతాయి.

ఏడో అడుగు: రెండో సరుకు

సంచి నిలబడ్డాక తక్కువ పెట్టుబడితో మొదలయ్యేది చేప అచ్చు, అంటే చేపకు సిరా పూసి కాగితం మీద తీసే ముద్ర. జపాన్‌లో 19వ శతాబ్దంలో జాలరులు పట్టిన చేప కొలతకు గుర్తుగా మొదలుపెట్టిన ‘గ్యోటాకు’ అనే కళ ఇదే. పొలుసు చెదరని చేపను ఉప్పుతో రుద్ది జిగురు తీసి, పూర్తిగా తుడిచి, మొప్పల్లోనూ, మలద్వారంలోనూ దూది కుక్కండి. జిగురు మిగిలితే సిరా పాకుతుంది, మొప్పల్లోంచి నీరు కారితే కాగితం మీద మచ్చ పడుతుంది. రెక్కలు విప్పి గుండుసూదులతో నిలపండి. సిరా పలచగా, తల నుంచి తోక వైపు. ఎక్కువైతే పొలుసు గీతలు పూడుకుపోతాయి. మొదటి అచ్చు సాధారణంగా ముద్దగా వస్తుంది, రెండోది, మూడోది బాగుంటాయి. కన్ను అచ్చులో రాదు, తర్వాత సన్న కుంచెతో వేయాలి. తినే చేపతో చేస్తే తినదగిన సిరానే వాడి, అచ్చుకూ అచ్చుకూ మధ్య చేపను ఐసులో పెట్టండి. తీరపు తేమకు కాగితం బూజు పడుతుంది, గాలి చొరని పెట్టెలో సిలికా జెల్‌తో దాచండి.

పాటలు, వాతావరణ గుర్తులు, పెద్దల మాటలు రికార్డు చేయడం మూడో దారి. ఒడ్డున రికార్డు చేస్తే గాలి హోరు తప్ప ఏమీ మిగలదు. ఇంట్లో, పరుపులూ బట్టలూ ఉన్న గదిలో చేయండి, మైకు నోటికి జానెడు దూరంలో. మరో జాగ్రత్త: చేప దొరికే చోట్ల పేర్లు, ఒడ్డు నుంచి వాటిని పట్టే ఆనవాళ్ళు బయటపెట్టే ముందు చెప్పినవాళ్ళతో మళ్ళీ మాట్లాడండి. అది వాళ్ళ బతుకు గుట్టు. 1967లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు ఫోగో దీవిలో 20కి పైగా చిన్న చిత్రాలు తీసినప్పుడు, బయట చూపించే ముందు అందులో మాట్లాడినవాళ్ళకే చూపించి ఒప్పుకోలు తీసుకుంది. ఆ పద్ధతి ఇప్పటికీ పాతబడలేదు.

చూడ్డానికి వచ్చేవాళ్ళను మాత్రం చివరికి ఉంచండి. గుంపుకు ఎనిమిది మందికి మించకూడదు, చేప దించే వేళ రేవులో అడ్డం రాకూడదు, పడవ ఎక్కిస్తే తలకొక లైఫ్ జాకెట్. మరుగుదొడ్డి లేకపోతే పిలవనే పిలవకండి.

ఇక గోడలు

ఇంత అయ్యాక ఊరికి రంగు కావాలంటే వేయండి. కొత్త సిమెంటు గోడ 28 రోజులు ఆరాలి. పాత గోడ అయితే మంచినీళ్ళతో కడిగి, ఆరాక అరచేత్తో రుద్ది, నాలుక్కి తగిలించి చూడండి. ఉప్పగా ఉంటే మళ్ళీ కడగాలి. పైనుంచి పడే ఉప్పు కంటే గోడ అడుగు నుంచి తేమతో పైకెక్కే ఉప్పు ఎక్కువ చెరుపు చేస్తుంది, కాబట్టి నేల నుంచి మొదటి మూరెడు ఎత్తు బొమ్మ లేకుండా వదిలేసి సున్నంతో సరిపెట్టండి. పెచ్చులూడేది అక్కడే, ఏటా మళ్ళీ వేసుకోవడానికి సున్నం ఖర్చు భరించలేనిది కాదు. పేర్లు, గీతలు పడవల మీద రాసే చేతికే అప్పగించండి, కూలి ముక్క లెక్కన కాకుండా రోజు లెక్కన ఇవ్వండి.